కాకిలెక్కల ఫ్రేములు

2025 జనవరిలో లాస్ వేగస్ సీఈఎస్ వేదిక మీద ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ గారు సెలవిచ్చారు: 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070, 4090తో సమానమట! 2022లో 1,599 డాలర్లకి దించిన 4090తో. ఏఐ లేకపోతే ఇది అసాధ్యమని ఆయనే అన్నారు లెండి. కిటుకంతా ఆ ముక్కలోనే ఉంది.

5070 ఒక ఫ్రేము గీస్తే, డీఎల్ఎస్ఎస్ 4 మూడింటి దాకా ఊహించి పేరుస్తుంది. అంటే ఆట నిజంగా 30 ఫ్రేములు గీస్తుంటే తెర మీద కౌంటరు 120 చూపిస్తుంది. మీరు మౌస్ నొక్కిన సంగతి ఆ ఊహా ఫ్రేములకి తెలీదు. ఆటకి తెలిసేది 33 మిల్లీసెకన్లకోసారే. పైగా మధ్య ఫ్రేములు అల్లాలంటే తర్వాతి అసలు ఫ్రేము కోసం ఆగాలి, ఆలస్యం ఇంకాస్త పెరుగుతుంది. బొమ్మ నున్నగా కదుల్తుంది, ఒప్పుకుంటాను. అసలే 60 పైన నడిచే ఆటకైతే మంచి సదుపాయమే. కానీ దాన్ని వేగం అనడమేంటండీ? సర్వరు అసలు చెయ్యని రిక్వెస్టుల్ని కూడా కలిపి మనం లోడ్ టెస్ట్ రిపోర్టులో త్రూపుట్ చూపిస్తే క్లయింటు ఊరుకుంటాడా?

4090లో మెమరీ 24 జీబీ, 5070లో 12. గేము 14 అడిగితే ఏ ఏఐ తెచ్చిస్తుంది? ఫ్రేము జనరేషన్ కూడా అందులోంచే కొంత తింటుంది.

కొనేముందు ఫ్రేము జనరేషన్ ఆపేసి తీసిన అంకెలు చూడండి, సగటు ఒక్కటే కాదు, 1 శాతం లో కూడా. అవి లేని పోలిక పట్టిక ఎంత రంగుల్లో ఉన్నా అవతల పడెయ్యండి. ఏఎండీ అభిమానులు మరీ నవ్వక్కర్లేదు, 2023లో ఎఫ్ఎస్ఆర్ 3తో ఆ దుకాణంలోనూ ఇదే సరుకు దిగింది.