ఆఱవయేటి పన్ను

మాదాపురమున అద్దపుమేడల నడుమ కూర్చుండి అమెరికాలోని కంప్యూటర్లను సరిదిద్దువారు వేలకొలది గలరు. ఆ మేడలు కట్టు కూలివాని బిడ్డ, మావారి బడిలో చదువు ఏడేండ్ల పిల్ల, పన్నుపోటుతో రాత్రులు నిద్రలేక యేడ్చుచుండెను. “పాలపన్నే గదమ్మా, ఊడిపోవును” అని తల్లి యూరకుండెను. నా పెద్దవాని విషయమున నేనును అట్లే పొరబడితిని. ఇరువది పాలపండ్లకును వెనుక, సుమారు ఆఱవయేట, ఏ పన్నును ఊడకయే ఒక పెద్ద దవడపన్ను మొలచును. అది కడవఱకు నుండవలసినది.

2013లో నేర్పడిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమువారు బడిపిల్లల పండ్లనుగూడ పరీక్షింతురు. 2019లో కేంద్రప్రభుత్వము ‘ఈ-సంజీవని’ని నెలకొల్పినది, రుసుము లేకయే వైద్యుడు ఫోనులో కనబడి మాటాడును. దంతవైద్యునికి చూపవలెనన్నచో బిడ్డను వెలుతురునకెదురుగా నిలిపి, చెంచాకాడతో చెంపను ప్రక్కకు లాగి ఫొటో తీయవలెను. పుప్పియో చీముగడ్డయో చాలవఱకు తెలియును. కాని ఫోను పుప్పిని తోడదు గదా! అందులకు అఫ్జల్‌గంజి ప్రభుత్వ దంతవైద్యశాలకు పోవలెను. పోయిన ఒకనాటి కూలి పోవును. ఆ ప్రయాణము నేడే చేయవలెనా, వారమాగవచ్చునా యని తెలియుటయే దూరవైద్యపు లాభము. చెంప వాచి జ్వరము తగిలినచో ఫోనుకై చూడక వెంటనే పోవలెను.

మేము చూపించునప్పటికే ఆ పిల్లకు చెంప వాచియుండెను. పన్ను తీసివైచిరి. అచట మఱియొకటి మొలవదని తల్లికి నేనే చెప్పవలసివచ్చెను.