ఒలికింది చమురు – మునిగింది ఎవరి కూడు?

అన్నం కుండలో కిరసనాయిలు చుక్క పడినా కుండంతా పారబోయాల్సిందే. సముద్రం సంగతీ అంతే. చమురు ఒలికితే చచ్చేవి చేపలు మాత్రమే కావు, చేపను నమ్ముకున్న ఇళ్లు పస్తుంటాయి. మన హాస్టల్లోనే తీరప్రాంత పల్లెల నుంచి వచ్చిన తమ్ముళ్లు ఉన్నారు. కనుక ఇది మనకు దూరపు విషయం కాదు.

2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరు రేవు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి. పర్యావరణానికి నష్టమేమీ లేదని రేవు వర్గాలు మొదట ప్రకటించాయి. కొద్ది రోజులకే తీరం నుంచి ఎత్తిన జిడ్డు బురద వంద టన్నులు దాటింది. చమురు నీటితో కలిస్తే చిక్కబడి ఉబ్బుతుంది. అందుకే ఒలికినదాని కంటే ఎత్తాల్సింది ఎక్కువవుతుంది. మన వయసు విద్యార్థులు, మత్స్యకారులు రాళ్ల మధ్య నిలబడి బకెట్లతో తోడారు. చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. జనం భయపడి చేపలు కొనడం మానేశారు.

ఆరేళ్లు తిరిగాయి. 2023 డిసెంబరులో మన బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను చెన్నైని వరదలో ముంచినప్పుడు, మణలి పారిశ్రామిక ప్రాంతం నుంచి చమురు అదే ఎన్నూరు పాయలోకి చేరింది. ఈసారీ మత్స్యకారుల చేతుల్లో మగ్గులు, బకెట్లే!

చమురు ప్రమాదాలను ఎదుర్కొనే జాతీయ ప్రణాళిక మనకు 1996 నుంచి ఉంది. కోస్ట్‌గార్డ్ దానికి బాధ్యత వహిస్తుంది. కాగితం మీద లోటు లేదు. కానీ చమురును చుట్టుముట్టే తేలే కంచెలు, పైతెట్టును పీల్చే యంత్రాలు మొదటి గంటల్లోనే రావాలి. గాలికీ అలలకూ పరుచుకున్నాక ఎంత ఖర్చు పెట్టినా కొంతే దక్కుతుంది. నిజం దాచిన ప్రతి గంటా నష్టాన్ని పెంచుతుంది.

ఓడలు, రిఫైనరీలు లేకుండా దేశం నడుస్తుందా అని కొందరు అడుగుతారు. ఆపమని ఎవరూ అనడం లేదు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికాక, చమురు ఓడలకు రెండు పొరల అడుగు ఉండాలని నిబంధనలు వచ్చాయి. పట్టుబడితే నివారణ సాధ్యమే.

ఈ పట్టుదల మనకూ కావాలి. విశాఖలో రిఫైనరీ ఉంది, కాకినాడలో రేవు ఉంది. ఆ పక్కనే కోరింగ మడ అడవులున్నాయి. మడ చెట్లు బురదపైకి పొడుచుకొచ్చిన వేళ్లతో గాలి పీలుస్తాయి. వాటికి జిడ్డు పూస్తే చెట్టుకు ఊపిరాడదు. రొయ్య పిల్లలు, పీతలు పెరిగేది ఆ వేళ్ల నీడనే.

ఇక పరిహారం మాట. 2023 తర్వాత తమిళనాడు ప్రభుత్వం ఎక్కువగా దెబ్బతిన్న మత్స్యకార కుటుంబానికి రూ.12,500, పడవకు రూ.10,000 ప్రకటించింది. ఇవ్వడం మంచిదే. కానీ పడవ కంటికి కనబడుతుంది, లెక్కకొస్తుంది. తట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధి తిరిగి చేపలమ్మే తల్లి రోజు సంపాదన ఏ రసీదులో ఉంటుంది? ఎండుచేపలు ఆరబెట్టేవాళ్లు, ఐసు మోసేవాళ్లు, వలలు అల్లేవాళ్ల మాటేమిటి?

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ భృతి కోసం వేటకు పోయేవాళ్ల పేర్లు రాసుకునే ప్రభుత్వం, చేప మీద బతికే అందరి పేర్లూ ముందే రాసుకోలేదా? ప్రమాదం జరిగాక రుజువులు అడిగితే పేదవాడి దగ్గర ఏముంటాయి? కాలుష్యం చేసినవాడే నష్టం భరించాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరికి చెల్లించాలో తెలిసినప్పుడే ఆ మాటకు విలువ.

ఈ హాస్టల్లో చదివి ఆఫీసుల్లో కుర్చీల్లో కూర్చున్న అన్నలకు మన విన్నపం ఒక్కటే. అలాంటి జాబితా మీ బల్ల మీదికి వచ్చిన రోజున, పడవల వరుస కింద తట్టల వరుస కూడా ఉందో లేదో చూడండి. లేకపోతే రాయించండి.