నడిసంద్రపు ముంగిలి

సుందరకాండము వినని తెలుగు గృహిణి యుండదు. ఆంజనేయుడు మహేంద్రగిరి నుండి లంకకు లంఘించునప్పుడు, సముద్రుని ప్రేరణచే మైనాకపర్వతము నీటి నడుమ నుండి పైకి లేచి, కొంత తడవు తనపై విశ్రమింపుమని వేడుకొనెను. స్వామి దానిని చేతితో స్పృశించి, కార్యము ముగియక విశ్రాంతి లేదని సాగిపోయెను. ఎగురువానికి నడిసముద్రమున నిలువ నొక తావు కావలెనను తలంపు మన పూర్వులకు క్రొత్త కాదు. నేటి మనుష్యులు ఆ మైనాకమును ఉక్కుతో నిర్మించి, ఇచ్చవచ్చిన దిక్కునకు నడపుచున్నారు. దానికే విమానవాహక నౌక యని పేరు.

మంజీరా తీరమున, నిజాంసాగరపు కాలువనీటితో వరి పండించుకొను మన బాన్సువాడ సీమకు సముద్రము బహుదూరము. ఐనను ఈ నౌకతో మనకు చుట్టరికము లేకపోలేదు. మన నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో పూర్వము కరగించిన ఉక్కు డమాస్కసు కత్తులకై దేశాంతరములకు పోయెడిదని చరిత్రకారులు వ్రాసియున్నారు. నేటి విక్రాంత్ నౌకకు వలసిన ప్రత్యేకమైన ఉక్కును రూపొందించినది హైదరాబాదులోని రక్షణశాఖవారి లోహపరిశోధనశాలయే. ఓడ యొడలికి ఒక రకము, విమానములు దిగు పైతలమునకు వేఱొక రకము అచటివారు కనిపెట్టగా, సెయిల్ సంస్థవారు తమ కర్మాగారములలో దానిని పోతపోసిరి.

ఈ విక్రాంత్ కొచ్చిలో నిర్మింపబడి 2022 సెప్టెంబరు 2వ తేదీన నౌకాదళమున చేరినది. పొడవు 262 మీటర్లు, వెడల్పు 62 మీటర్లు, అంతస్తులు 14, గదులు దాదాపు 2,300. పదునాఱువందల మంది కాపురముండు ఊరు వంటిది. దాని పైతలమునే నావికులు ఫ్లైట్ డెక్కు అందురు. చూచుటకు విశాలమే. కాని నేలమీది విమానాశ్రయమున పరుగుబాట రెండు మూడు కిలోమీటర్లుండునని తలచినచో, ఇది యెంత ఇఱుకో బోధపడును. విమానములు లేచుట, దిగుట, నూనె పోసుకొనుట, ఆయుధములు తగిలించుకొనుట, ఒకదాని ప్రక్క నొకటి ఒదిగి నిలుచుట, అన్నియు నిచటనే. చిన్న వంటయింటిలో పెండ్లివంట వండుట యెట్టిదో మనకు తెలియును గదా! ఆ వంటయిల్లు కదలుచు, ఊగుచు నుండుననియు, వండువారు ఒకరి మాట యొకరికి వినబడని చప్పుడులో నున్నారనియు ఊహించుకొనుడు.

విమానము లేచుటకు గాలి కావలెను. అందుచే ఓడ గాలికెదురుగా తిరిగి వేగముగా సాగును. విక్రాంత్ ముందుభాగము ఏటవాలుగా పైకి వంగియుండును. చక్రములకు అడ్డుగా నిలిచిన ఇనుపదిమ్మలు విమానమును పట్టియుంచగా, యంత్రము పూర్ణబలమునకు వచ్చును. అడ్డు తొలగగానే విమానము పరుగెత్తి, ఆ వాలు మీదుగా ఆకసమునకు విసరబడును. 

ఓడ వేగమునకును రెక్కల బలమునకును గల ఈ సంబంధమును మన తూర్పుతీరము 1971లో చవిచూచినది. అప్పటి పాత విక్రాంత్‌ను, 1961 మార్చి 4న బెల్‌ఫాస్టు నగరమున మన దేశపు సేవకు ప్రవేశపెట్టినది విజయలక్ష్మీ పండిట్ అను సంగతి మనము మఱువరాదు. యుద్ధము వచ్చునప్పటికి దాని బాయిలర్లలో నొకటి బీటలు వారి, వేగము తగ్గియుండెను. ఓడ మందగించిన గాలి చాలదు. గాలి చాలనిచో విమానము లేవదు. ఐనను నావికులు ఉన్న వేగముతోనే పని నెగ్గించిరి. డిసెంబరు 4న దాని సీహాక్ విమానములు కాక్స్ బజారుపై దాడి సలిపెను. ఆ ఓడను వెదకుచు వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ, డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖపట్టణపు టొడ్డున మునిగిపోయెను.

లేచుట కంటె దిగుట కఠినము. గంటకు దాదాపు 240 కిలోమీటర్ల వేగముతో వచ్చు విమానము, తోకక్రింది కొక్కెముతో డెక్కు మీద అడ్డముగా కట్టిన ఉక్కుత్రాళ్లలో నొకదానిని పట్టుకొని, మూడు సెకండ్లలోపల నిలువవలెను. విక్రాంత్‌పై అట్టి త్రాళ్లు మూడే. ఇచట నొక వింత గలదు. చక్రములు డెక్కును తాకగానే, నడుపువాడు వేగము తగ్గింపక యంత్రమును పూర్ణబలమునకు పెంచును. కొక్కెము త్రాటిని తప్పినచో, మైనాకమును తాకి సాగిన హనుమంతునివలె, మరల ఎగిరిపోవుటకు అదియే సాధనము.

దిగువానికి దారి చూపు దీపాలంకరణ మొకటి డెక్కు ప్రక్కన నుండును. దాని పుట్టుకలో మన ఆడువారి సామగ్రికిని పాత్ర గలదు. 1951 ప్రాంతమున నికొలస్ గుడ్‌హార్ట్ అను ఆంగ్ల నౌకాధికారికి ఈ ఉపాయము తోచినప్పుడు, తన కార్యాలయమున పనిచేయు యువతి యొక్క చిన్న అద్దమును బల్లమీద నిలిపి, దానిపై ఆమె పెదవిరంగుతో అడ్డగీత గీసి, దీపపు ప్రతిబింబమును ఆ గీతతో సమముగా చూచుకొనుచు దగ్గఱకు నడువుమనెననియు, ఆమె గడ్డము సరిగా బల్లనంటెననియు చెప్పుదురు. అద్దము చూచుకొను స్త్రీని పరిహసించువారు ఈ కథ వినదగినది.

ఇక డెక్కు మీది పనివారి సంగతి. యంత్రముల హోరునకు చెవులు పగులును. అందఱును చెవిమూతలు ధరింతురు. మాట వినబడదు గనుక వస్త్రపు రంగే పేరు, చేతిసైగయే భాష. అమెరికా ఓడల మర్యాదలో పసుపుపచ్చ చొక్కావారు విమానములను ఎటు కదలవలెనో చూపుదురు. నీలిచొక్కావారు చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి, విమానమును గొలుసులతో కట్టుదురు. ఊదారంగువారు ఇంధనము పోయుదురు. ఎఱ్ఱచొక్కాలవారు ఆయుధముల పనియు, అగ్నిప్రమాదముల పనియు చూతురు. ఆకుపచ్చవారు దిగు త్రాళ్లను, యంత్రములను కనిపెట్టియుందురు. తెల్లనివారు క్షేమమును, వైద్యమును చూచువారు. తక్కిన దేశముల ఓడలలో రంగులు కొంత మాఱినను పద్ధతి యొకటే. రాత్రివేళ చేతులలో దీపపుకఱ్ఱలు పట్టుకొని అవే సైగలు చేయుదురు.

సోదరీమణులారా! ఇంత మహాకార్యమును మొదలిడుటకు ముందు వారు చేయు పని యేదో తెలిసిన మీరు విస్మయపడుదురు. వారు ముంగిలి శుభ్రము చేయుదురు! అధికారి, సేవకుడను భేదము లేక, డెక్కు వెడల్పునకు సరిపోవు వరుసగా, భుజము భుజము కలిపి నిలిచి, తలలు వంచి, ఈ కొననుండి ఆ కొనదాక మెల్లగా నడచుచు, కంటబడిన మరను, తీగముక్కను, రాతిపలుకును, గుడ్డపీలికను ఏఱుదురు. జెట్ యంత్రము ముందున్నదానినెల్ల లోనికి పీల్చుకొనును. గోరంత మేకు లోనికిపోయినను లోపలి రెక్కలు విఱిగి, కోట్ల విలువగల యంత్రమును, వెలలేని ప్రాణమును పోవచ్చును. చేటలో బియ్యము పోసి రాళ్లేఱు ఇల్లాలి చూపు ఎట్టిదో, వారి చూపును అట్టిదే. పనిముట్లకును లెక్క గలదు: పెట్టెలో ఒక్కొక్క పరికరమునకు దాని ఆకారముననే గుంట యుండును. పని ముగిసినప్పుడు ఒక గుంట ఖాళీగా నున్నచో, అది దొరకువఱకు విమానము కదలదు.

ఏమరుపాటు ఫలమెట్టిదో 1967 జూలై 29న లోకము చూచినది. వియత్నాము చెంత సముద్రమున ఫారెస్టల్ అను అమెరికా ఓడ డెక్కు మీద, విద్యుత్తు దోషముచే ఒక రాకెట్టు తనంత తాను పేలి, ఎదుట నిలిచిన విమానపు ఇంధనపుతొట్టిని చీల్చెను. మంటలు చెలరేగి బాంబులు పేలగా 134 మంది మరణించిరి. శత్రువు లేడు, యుద్ధఘాతము లేదు. చిన్నచిన్న జాగ్రత్తలు కొన్ని సడలుటయే కారణము. అప్పటినుండి నావికులెల్లరకును అగ్నిని ఆర్పుట నేర్పు పద్ధతి మఱింత కట్టుదిట్టమైనది.

ఈ లోకములోనికి మన ఆడుబిడ్డలును అడుగిడుచున్నారు. 2017 సెప్టెంబరు నుండి 2018 మే వఱకు తారిణి అను తెరచాప నావలో భూమిని చుట్టివచ్చిన ఆఱుగురు నౌకాధికారిణులలో విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య యుండిరి. 2025 జూలై 3న, విశాఖలో మన తెలుగు మాటయే పేరుగా గల డేగా నౌకావిమానకేంద్రమున, ఆస్థా పూనియా అను యువతి బంగారు రెక్కల చిహ్నము నందుకొని, నౌకాదళపు యుద్ధవిమానశాఖకు ఎన్నికైన మొదటి స్త్రీ యయ్యెను. క్రింది నావికుల కొలువులలోనికిని 2022 నుండి బాలికలను తీసికొనుచున్నారు.

మా వీథిలో నొక తల్లికి ఈ వార్తలు సంతోషము కంటె బెంగనే ఎక్కువ కలిగించెను. ఆమె కుమార్తె ఇంటర్మీడియెట్ ముగించి నౌకాదళమునకు దరఖాస్తు పెట్టుకొన్నది. తండ్రి సమ్మతించెను. తల్లి మాత్రము నాయొద్దకు వచ్చి, “అక్కా! మగవాండ్లే వడకు చోటికి ఆడపిల్లను ఎట్లు పంపుదును?” అని కంట నీరు పెట్టుకొనెను. అచట భయము లేదని నేను చెప్పలేదు. 2020 నవంబరులో మన నౌకాదళపు మిగ్-29కె విమానము అరేబియా సముద్రమున కూలి, ఒక అధికారి ప్రాణము పోయినది. నెలల తరబడి ఇంటికి దూరము. ఎండకు కాలిన ఇనుము, చెవులు చిల్లులుపడు హోరు, కునుకు చాలని రాత్రులు. ఇవి దాచి పంపుట బిడ్డకు ద్రోహము.

కాని ఆమెతో నేనన్నది వేఱొకటి గలదు. సాహసమున్నదా లేదా అని పిల్లను పరీక్షింపకుము. చెప్పినది విని తిరిగి అప్పగింపగలదా, చేతిలోని పని సగమున విడువక ముగింపగలదా, పోయిన వస్తువు దొరకువఱకు వెదకునా అని చూడుము. ఇవి నీవే ఆమెకు వంటయింట నేర్పితివి. నీవు నేర్పనిది, మనలో నెవ్వరమును మన కూతుండ్రకు నేర్పనిది, ఒక్కటే యున్నది. డెక్కు మీద అపాయము కంటబడినచో, నిన్న చేరినవాడైనను రెండు చేతులు తలపై అడ్డముగా ఎత్తి నిలుపవచ్చును. ఎంతటి అధికారి పనియైనను అక్కడ ఆగవలసినదే. పెద్దవారున్నారు గదా యని ఊరకుండుట అచట వినయము కాదు, నేరము.

మనమన్ననో ఆడుపిల్ల నోరు మెదపకుండుటయే సుగుణమని పెంచుచున్నాము. పొయ్యిమీది నూనె కాగి పొగలువచ్చుచున్నను, అత్తగారు చూచుకొందురులే యని నిలిచిపోవు కోడండ్రు ఎందఱు లేరు! మగడు చేయు అప్పు ఇల్లు ముంచునని తెలిసియు పలుకనివారెందఱు! వినుట, ఏఱుట, లెక్కవేయుట మనకు వంశపరంపరగా వచ్చినవి. సమయమెఱిగి ‘ఆగుడు’ అనుట మాత్రము నేర్చుకొనవలసియున్నది.

నౌకలో చేరు బిడ్డలు కొందఱే యుందురు. తక్కినవారు మన ఇండ్లలో, బడులలో, పొలములలో, ఆస్పత్రులలో పనిచేయుదురు. ప్రతి ముంగిటను ఏఱవలసిన మేకు లుండనే యున్నవి. నిలుపవలసిన ఘడియలును వచ్చుచునే యుండును. పదేండ్ల కూతురు మన పనిలో తప్పు చూపినప్పుడు, పెద్దవారికి ఎదురుచెప్పెదవా యని గద్దింపక, పని నాపి, ఆమె చూపిన చోట ఒక్కసారి చూతము. ఆ చూచుటతోనే ఆమెకు ఈ విద్య మొదలగును.