గళ్లలో దిక్సూచి

మన నుడికట్టుల్లో మాట తిరగబడినప్పుడల్లా ఆధారంలో కనిపించేవి నాలుగైదు మాటలే: తిరగేస్తే, వెనక్కి, తారుమారు, అటూ ఇటూ. అడ్డానికీ నిలువుకీ వీటినే వాడేస్తున్నాం. ఇది సరికాదు. మాట ఎటు నుంచి ఎటు నడుస్తోందో ఆధారం కచ్చితంగా చెప్పి తీరాలి. ఇంగ్లిషు గూఢ ఆధారాల్లో ఈ పట్టింపు ఏనాటి నుంచో ఉంది. పటంలో లాగే గళ్లకూ ఉత్తరం పైనే. అడ్డం మాట తూర్పుకు సాగుతుంది కనుక 'పడమటికి' అంటే కుడి నుంచి ఎడమకు చదవాలి. నిలువులో 'ఉత్తరానికి' అంటే కింది నుంచి పైకి. జిమెనీజ్ అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన నుడికట్టు కూర్పరి మెక్‌నట్ 1966లో ఈ కళపై పుస్తకమే రాసి, పూరించేవారికి అన్యాయం జరగకూడదని గట్టిగా వాదించాడు.

ఇంగ్లిషు కిటుకులన్నీ మనకు పనికిరావు. ఆవిరి ఓడకు గుర్తుగా రెండు 'ఎస్'లు పెట్టి, వాటి మధ్య ఇరికిన అక్షరాలు ఓడ ఎక్కాయనడం వాళ్లకు మామూలు. మన గడిలో గుణింతం, ఒత్తు, సున్నాతో సహా అక్షరం మొత్తం పడుతుంది. ఇక్కడ ఆ పప్పులుడకవు. దిక్కులు మాత్రం చక్కగా ఇముడుతాయి. 'పడమటికి మళ్లిన ఓడలో దీవి' అని అడ్డంలో ఇస్తే జవాబు లంక. పాత తెలుగులో కలం అంటే ఓడ. కుడి నుంచి చదివితే లంక. అదే జవాబు నిలువులో పడితే పడమర అబద్ధమవుతుంది. అక్కడ 'ఏటికి ఎదురెక్కిన ఓడ' అనాలి. రాజమండ్రి నుంచి పాపికొండలకు బయలుదేరిన లాంచీ ఎగువకు వెళ్తోందంటాం. నిలువు గళ్లలోనూ ఎగువంటే పైనే. గోదావరి లంకలకు ఇంతకన్నా తగిన ఆధారం ఏముంటుంది!

కాగితానికి దిక్కులేమిటని కొందరంటారు. బడి గోడ మీద పటం చూసిన వారందరికీ ఈ దిక్కులు తెలిసినవే. అసలు చిక్కు ఎడమ, కుడి అన్నప్పుడే. నావికులు ఓడ ముందువైపు చూస్తూ ఎడమ, కుడి లెక్కిస్తారు. నిలువు మాట ముందువైపు కిందికి ఉంటుంది కాబట్టి దాని ఎడమ మనకు కుడి అవుతుంది. తూర్పు, పడమరలకు ఈ గందరగోళం లేదు.

కలం అంటే ఓడ అని ఇప్పుడెవరికి తెలుసన్నది ఇంతకన్నా బలమైన అభ్యంతరం. నిజమే, చాలామందికి తెలియదు. అందుకే ఆధారంలో మిగతా భాగం తూచినట్టుండాలి. దాన్ని ఖండించే మాటల వల్ల లంక ముందే దొరికినవారు దాన్ని వెనక్కి చదివి, కలం కోసం ధైర్యంగా నిఘంటువు తెరుస్తారు. దిక్కు చెబితే వెతుకులాటా తగ్గుతుంది: మూడు వేర్వేరు అక్షరాల మాటను 'తారుమారు' అంటే ఐదు కొత్త వరసలు వెతకాలి. 'ఎదురెక్కింది' అంటే ఒక్కటే.