పురోద్యానముల ఆరోగ్యము

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసినప్పుడు, అఫ్జల్‌గంజి తోటలోని యొక చింతచెట్టునెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆనాడు ఆ చెట్టు వెల యెంతయని యెవ్వరును అడిగియుండరు. నేడన్ననో, రహదారి వెడల్పుచేయు ప్రతి సందర్భమునను చెట్టునకు వెలకట్టుటయు, దానికి మారుగా వేరొకచోట ఇన్ని మొక్కలు నాటుదుమని మాట యిచ్చుటయు ఆచారమైపోయినది.

తోట బాగున్నదనగా మన పట్టణములలో అర్థమేమి? పచ్చిక కత్తిరింపబడియుండవలెను, నీటిచిమ్ము ఆడుచుండవలెను, రాత్రివేళ రంగుదీపములు వెలుగవలెను. ఇవి యలంకారములే గాని ఆరోగ్యలక్షణములు కావు. రోగి ముఖమునకు రంగుపూసి స్వస్థుడని చాటుట వైద్యమనిపించుకొనదు.

తోట ఆరోగ్యమును సామాన్యుడును పరీక్షింపవచ్చును. వాన వెలిసిన గంటకు పోయి చూడుడు. నీరు నేలలోనికి ఇంకినదా, పైననే నిలిచినదా? నిలిచెనేని, మన్ను గట్టిపడి వేళ్లకు గాలి యందుట లేదని గ్రహింపవలెను. రాలిన ఆకు మురిగి ఎరువగుచున్నదా, కుప్పవేసి కాల్చబడుచున్నదా? చెట్ల మొదళ్లు సిమెంటుతో బిగింపబడినవా? పక్షులు గూళ్లు కట్టుచున్నవా? ఇక గాలి సంగతి: 2009 నాటి జాతీయ ప్రమాణముల ప్రకారము పి.ఎం. 2.5 అను సూక్ష్మధూళి సంవత్సరపు సగటు ఘనపుమీటరునకు 40 మైక్రోగ్రాములు మించరాదు. మంచిగాలి కొరకు వేకువనే తోటకు వచ్చువానికి, తాను పీల్చుచున్నదేమో తెలియకుండుట అన్యాయము.

హైదరాబాదులోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానమునే తీసికొందము. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన యీ రాతినేల చిట్టడవిలో నెమళ్లు కూయుచున్నవి. దాని చుట్టును కేంద్రప్రభుత్వము 2020లో నిర్ణయించిన పర్యావరణ రక్షణమండలము వెడల్పు 3 మీటర్లు మొదలు 29.8 మీటర్ల వరకు మాత్రమే. మూడు మీటర్లనగా రెండు మంచముల పొడవైనను లేదు! ఆవల బండ్ల పొగయు, రొదయు, రాత్రి దీపకాంతియు. ప్రహరీగోడ మనుష్యుని ఆపగలదు గాని పొగను ఆపలేదు.

నగరము పెరుగుచుండగా బాటలు వలదా యని కొందరు ప్రశ్నింతురు. వలయును. కాని బాట యిరుకైనచో మరియొక మార్గము వెదకవచ్చును. ఎనుబదేండ్ల చెట్టును ఎనిమిది నెలలలో పెంచగల ఇంజనీరు మాత్రము ఇంకను పుట్టలేదు. నాటిన మొక్కలన్నియు బ్రతికినను, వాని నీడ మన మనుమలకు. నేటి యెండ మనకు.

కావున పురపాలకసంఘములు ఏటేట ప్రతి తోటను పరీక్షింపజేసి, ఫలితములను తోటద్వారమునందే అందరకు తెలియు భాషలో పలకపై వ్రాయింపవలెనని మేము కోరుచున్నాము. చెట్లెన్ని యున్నవి, ఆ యేట ఎన్ని కూలినవి, నాటినవానిలో ఎన్ని బ్రతికినవి, గాలి యెట్లున్నది, ఈ నాలుగు లెక్కలు చాలును. నీరు, భూమి, చెట్ల సంరక్షణకై 2002లో చట్టము పుట్టినది. అది గ్రంథములో నిద్రించునా, తోటలో కావలికాయునా యనునది పౌరుల పట్టుదలపై నున్నది. పన్ను కట్టువాడు రూపాయలకు లెక్క యడుగుట నేర్చినాడు. ఇక చెట్లకును లెక్క యడుగవలెను.