గుమ్మటపు కప్పు కింద లయ చెదరకూడదు: కడప జిల్లా వాద్యకారుల వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్, జిల్లా క్రీడాప్రాధికార సంస్థ అధ్యక్షుల వారికి,
వై.ఎస్.ఆర్. కడప జిల్లా.

విషయం: ఇండోర్ స్టేడియంలలో బ్యాండు, తప్పెట కవాతు ప్రదర్శనలకు తగిన ధ్వని ఏర్పాట్లు చేయవలసిందిగా కోరుతూ.

అయ్యా,

మేము జిల్లాలో బ్యాండు మేళాల్లో వాయించేవాళ్లం, తప్పెట కొట్టేవాళ్లం, బడి పిల్లలకు కవాతు బ్యాండు నేర్పేవాళ్లం. పెళ్లి ఊరేగింపు నుంచి ఆగస్టు 15 కవాతు దాకా మాది ఆరుబయటి వాద్యం. చప్పుడు గాలిలో కలిసిపోతుందని తెలిసే గట్టిగా వాయించడం నేర్చుకున్నాం. కడప ఎండల్లో, అందులోనూ ఏప్రిల్, మే నెలల్లో, పిల్లలను మైదానంలో నిలబెట్టలేం. అందుకే అభ్యాసాలూ పోటీలూ కప్పు కిందికి రావాలని మేమూ కోరుకుంటున్నాం. అయితే ఇండోర్ స్టేడియం ఆటల కోసం కట్టిన గది. అందులో బంతి చప్పుడు ఎంతసేపు మోగినా ఆట చెడదు. డ్రమ్ము చప్పుడు అలా మోగితే మాత్రం పాట చెడుతుంది.

కారణం విన్నవిస్తాం. కవాతు నిమిషానికి 120 అడుగులు, అంటే అడుగుకు అర సెకను. రేకు కప్పు, సిమెంటు గోడలు, నున్నటి నేల ఉన్న పెద్ద గదిలో ఒక దెబ్బ 5 సెకన్ల పాటు మారుమోగితే, ఆ మోత చల్లారేలోగా పది అడుగులు పడిపోతాయి. పది దెబ్బల మోత ఒకదానిపై ఒకటి పేరుకుంటుంది. కప్పు గుమ్మటంలా వంపు తిరిగి ఉంటే మరో చిక్కు ఉంది. చదునైన కప్పుకు తగిలి తిరిగొచ్చిన శబ్దం విస్తరించిపోతుంది, వంపు కప్పు దాన్ని ఒక చోటికి పోగు చేస్తుంది. ఆ చోట నిలబడిన వాడికి తన పక్కవాడి క్లారినెట్ కంటే, దూరాన ఉన్న బేస్ డ్రమ్ తిరుగుమోతే గట్టిగా వినిపించవచ్చు. గుమ్మటం రాయలసీమకు కొత్త కాదు. కర్నూలులో హంద్రీ ఒడ్డున గుమ్మటం కట్టిన అబ్దుల్ వహాబ్ సమాధి ఉంది. బీజాపూరు గోల్ గుంబజ్‌లో గోడవారగా గుసగుసలాడితే అవతలి పక్కన వినిపిస్తుందని చూసొచ్చిన వారందరికీ తెలుసు. గుసగుసకు అబ్బురమైనది సైడ్ డ్రమ్‌కు శాపం.

దూరం సంగతి కూడా ఉంది. శబ్దం 50 మీటర్లు దాటడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. ఈ ఆలస్యం మైదానంలోనూ ఉంటుంది, అక్కడ డ్రమ్ మేజర్ చేతిని చూసి సర్దుకుంటాం. కప్పు కింద ఎదుటి గోడ నుంచి తిరిగొచ్చిన దెబ్బే అసలు దెబ్బలా వినిపించి అడుగు తప్పిస్తుంది. ఒక పట్టణంలో, ఒక హాలులో మేము తీర్చిదిద్దిన పిల్లలు ఇలాగే అడుగు తప్పారు. అభ్యాసం చాలలేదని అక్కడివారు తేల్చేశారు. అదే మధ్యాహ్నం ఆ పిల్లలనే బయట వేపచెట్టు కిందికి తీసుకెళ్లి వాయింపజేస్తే ఒక్క అడుగూ తప్పలేదు. మందలింపు తిన్నది పిల్లలు. ఆ బాధ మాకు ఇంకా తీరలేదు.

అయితే ఈ మారుమోత తీరని చిక్కేమీ కాదు. లండన్‌లో 1871లో తెరిచిన రాయల్ ఆల్బర్ట్ హాలు గుమ్మటం కింద మారుమోతపై దాదాపు నూరేళ్లు ఫిర్యాదులు వచ్చాయి. 1969లో కప్పు నుంచి ఫైబర్‌గ్లాస్ పళ్లేలు వేలాడదీసి దాన్ని అదుపులోకి తెచ్చారు. అంతకుముందే, 1895లో, హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ మాట వినిపించని ఒక ఉపన్యాస మందిరంలోకి పక్క నాటకశాల కుర్చీల మెత్తలు మోయించి, అవి పెరిగేకొద్దీ మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. నేటికీ లెక్క ఆయన సూత్రంతోనే కడుతున్నారు.

అందువల్ల మా కోరికలు ఇవి.

మొదటిది, జిల్లాలోని ప్రతి ఇండోర్ స్టేడియంలో మారుమోత ఎన్ని సెకన్లు నిలుస్తుందో కొలిపించి, ఆ అంకెను ప్రకటించాలి. కొలవకుండా ఖర్చు పెట్టమని మేము అడగం.

రెండవది, మా ప్రధాన కోరిక. ఖాళీ హాలులో మారుమోత 2 సెకన్లకు మించకుండా కప్పు లోపలి వైపు శబ్దాన్ని పీల్చే పలకలు వేయించాలి. 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు, సగటున 15 మీటర్ల ఎత్తు ఉన్న హాలును ఊహించండి. సబైన్ సూత్రం ప్రకారం 5 సెకన్లను 2కు దించాలంటే, తగిలిన శబ్దంలో 80 శాతం పీల్చే పలకలు దాదాపు 2,200 చదరపు మీటర్లు కావాలి. ఇంచుమించు కప్పు వైశాల్యమంత. నేల మీద ఆశ పెట్టుకోలేం. ఆటకు నేల గట్టిగా ఉండాలి, అలాంటి నేల, మన వసారాల్లో పరిచే కడప బండలాగే, శబ్దాన్ని పీల్చదు, తిప్పికొడుతుంది. పలకలు నిప్పంటుకోనివై ఉండాలి. ఒకేసారి నిధులు లేకపోతే వంపు నడిభాగం నుంచి మొదలుపెట్టి రెండు విడతల్లో చేయవచ్చు.

మూడవది, ఇకపై కట్టే స్టేడియంల టెండరు పత్రాల్లోనే ఈ షరతు చేర్చాలి. జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016లో 8వ భాగం, 4వ విభాగం ధ్వని గురించే ఉంది. ప్రేక్షకశాలల ధ్వనికి భారతీయ ప్రమాణం 1963 నుంచీ ఉంది. మేము కొత్త నియమం అడగడం లేదు, ఉన్నదాన్ని వాద్యానికీ వర్తింపజేయమంటున్నాం.

నాల్గవది, ఈ పనులు పూర్తయ్యేదాకా బ్యాండు పోటీలను ఉదయం పూట ఆరుబయటే జరపాలి. తప్పనిసరై లోపల జరిపితే, ప్రతి జట్టుకూ అదే హాలులో ముందుగా పావుగంట వాయించి చూసుకునే వీలివ్వాలి. డ్రమ్ములన్నీ ఒక్క చోట నిలిచేలా వరస మార్చుకున్నందుకు మార్కులు తగ్గించకూడదు.

ఐదవది, పిల్లల చెవులు. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ చప్పుడులో 8 గంటలు ఉండవచ్చు, 100 డెసిబెల్స్‌లో పావుగంటే. పెద్దవాళ్లకే ఆ హద్దు ఉన్నప్పుడు, కప్పు కింద గంటల తరబడి డ్రమ్ము పక్కన నిలబడే పిల్లలకు చెవి రక్షకాలు ఇప్పించడం కనీస బాధ్యత.

చివరగా, ఈ కొలతల కోసం వేసే సంఘంలో ఇంజనీర్లతో పాటు ఒక బ్యాండు వాద్యకారుడికి, ఒక తప్పెట వాద్యకారుడికి చోటివ్వాలని కోరుతున్నాం. రెండో కోరికపై తమరి నిర్ణయాన్ని 60 రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. కొలతకు పరికరం వచ్చిన రోజు కబురు పంపితే చాలు, డ్రమ్ములూ తప్పెటలూ మేమే తెచ్చుకుంటాం, తెల్లవారుజామున అయినా సరే.

ఇట్లు,
కడప జిల్లా బ్యాండు, తప్పెట వాద్యకారులు, పాఠశాల బ్యాండు శిక్షకులు