జహీరాబాద్ జొన్నకు రేషన్ షాపులో చోటేది?

ఫిబ్రవరి, మార్చి నెలలొస్తే జహీరాబాద్ చుట్టుపక్కల యాసంగి జొన్న, శనగ కోతకొస్తాయి. ఝరాసంగం, న్యాల్కల్, మొగుడంపల్లి, కోహిర్ మండలాల రైతులకు ముంబై హైవే మీదున్న ఈ పట్టణమే పెద్ద మార్కెట్. కొన్నేళ్లుగా రంజాన్ నెల కూడా ఈ రోజుల్లోనే వస్తోంది. ఇఫ్తార్ కోసం ఖర్జూరం, పండ్లు కొనడానికి వచ్చిన కుటుంబాలు, కొత్త జొన్న అమ్ముకోవడానికి వచ్చిన రైతులు ఒకే బజార్లో కలుస్తున్నారు.

ఇక్కడ జొన్నరొట్టె ఏ ఒక్కరి తిండీ కాదు. 1956 దాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. హిందువుల ఇంట్లోనైనా, ముస్లింల ఇంట్లోనైనా పొయ్యి మీద రొట్టె కాలేది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళల సంఘాలు పాత విత్తనాలను కాపాడుకుంటూ వచ్చాయి. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతర వాళ్లదే. ఆ కృషికి 2019లో ఈక్వేటర్ ప్రైజ్ కూడా దక్కింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది.

మరి పేరొచ్చినంతగా రైతుకు లాభం వచ్చిందా? అసలు ప్రశ్న ఇదే. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర హైబ్రిడ్ జొన్నకు క్వింటాల్‌కు 3,699 రూపాయలు, మాల్దండి రకానికి 3,749. అంటే కిలోకు దాదాపు 37 రూపాయలు. కొనుగోలు కేంద్రం తెరిచేదాకా ఆగే స్థోమత చిన్న రైతుకు ఉండదు. అప్పు తీర్చాలి, పండుగ చేయాలి. అందుకే ముందు ఎవరొస్తే వాళ్లకే, వాళ్లు చెప్పిన రేటుకే అమ్మేస్తాడు.

ఇంకోవైపు 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డుపై మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. పేద కుటుంబాలకు అది మేలే, అందులో అనుమానం లేదు. కానీ ఉచితంగా వచ్చే బియ్యం ఇంట్లో ఉండగా జొన్న కొనేవాళ్లు తగ్గుతారు. కొనేవాళ్లు తగ్గితే వేసేవాళ్లూ తగ్గుతారు. పిట్టల నుంచి పంటను కాపాడుకోవడం, రొట్టెలు చేయడం ఎంత శ్రమో చేసేవాళ్లకే తెలుసు.

దారి లేదా అంటే ఉంది. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలు కూడా ఉన్నాయి. పక్కనే ఉన్న కర్ణాటకలో ఉత్తర జిల్లాలకు జొన్న, దక్షిణ జిల్లాలకు రాగి రేషన్‌లో ఇచ్చిన అనుభవం ఉంది. జహీరాబాద్‌లోనూ కావాలన్న వాళ్లకు బియ్యంలో కొంత బదులు జొన్న ఇవ్వొచ్చు. మైనారిటీ గురుకులాలు, హాస్టళ్లలో వారానికి రెండు రోజులు రొట్టె పెట్టొచ్చు. కోతలకు ముందే కొనుగోలు కేంద్రాలు తెరవొచ్చు.

ప్రభుత్వం కదిలేదాకా కుటుంబాలు చేయగలిగేది ఒకటుంది. ఈ సీజన్‌లో నెలకు సరిపడా జొన్నలు నేరుగా రైతు దగ్గరే కొని, గిర్నీలో పట్టించుకోవడం. దళారీ వాటా మిగిలితే అటు రైతుకూ నాలుగు పైసలు, ఇటు సెహ్రీకి ఆకలి నిలబెట్టే రొట్టె.